బార్ బయట మనవాణ్ని పోలీసులు తీసుకెళ్తుంటే ఏం అడగాలి, ఎలా అడగాలి

అరెస్టు సరైనదా కాదా అన్నది రోడ్డు మీద తేలే విషయం కాదు. తేలేది మేజిస్ట్రేటు ముందు, అవసరమైతే ఆ తర్వాత హైకోర్టులో. అక్కడ తేలాలంటే ఎన్ని గంటలకు పట్టుకున్నారు, ఎవరు పట్టుకున్నారు, ఏ కారణం చెప్పారు, అప్పటికి ఒంటి మీద దెబ్బలున్నాయా లేవా అన్న నాలుగు సంగతులకు ఆధారం కావాలి. బార్ బయట నిలబడ్డ స్నేహితుడో, అన్నో, భార్యో చేయగలిగిన అసలు పని ఆ ఆధారం మిగిలేలా చూడటం. అందుకు అరుపులు పనికిరావు. నాలుగైదు సూటి ప్రశ్నలు, ఒక ఫోను, ఒక కాగితం చాలు.

2024 జులై 1 నుంచి అరెస్టు, బెయిలు, విచారణ పద్ధతులు చెప్పే సీఆర్‌పీసీ పోయి బీఎన్‌ఎస్‌ఎస్, నేరాలు, శిక్షలు చెప్పే ఐపీసీ పోయి బీఎన్‌ఎస్ వచ్చాయి. స్టేషన్లలో ఇప్పటికీ పాత నంబర్లే నోటికొస్తుంటాయి. "41ఏ నోటీసు ఇస్తాం" (అరెస్టు చేయకుండా విచారణకు రమ్మనే నోటీసు) అంటే ఇప్పటి లెక్కలో బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 35(3) నోటీసు. "353 పెడతాం" అంటే బీఎన్‌ఎస్ 132. కింద రాసినవన్నీ కొత్త నంబర్లే. చట్టం పేరు లేకుండా ఉత్త సెక్షన్ నంబరే ఉంటే అది బీఎన్‌ఎస్‌ఎస్‌ది.

ముందు ఒక్క మాట: చెయ్యి వెయ్యొద్దు

"మావాడు ఏం చేయలేదు సార్, వదిలేయండి" అంటూ కానిస్టేబుల్ చెయ్యి పట్టుకోవడం, బండి తలుపుకు అడ్డంగా నిలబడటం, మనవాణ్ని వెనక్కి లాగడం. ఈ మూడింటిలో ఏది చేసినా కేసు రూపమే మారిపోతుంది. అప్పటిదాకా ఉన్నది రోడ్డు మీద కొట్లాట కేసు అనుకోండి. దానికి బీఎన్‌ఎస్ 194 కింద నెల రోజుల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. బెయిలు హక్కుగా వస్తుంది. విధుల్లో ఉన్న పోలీసు మీద చెయ్యి పడిందంటే బీఎన్‌ఎస్ 132 వచ్చి చేరుతుంది. దానికి రెండేళ్ల దాకా శిక్ష, పైగా నాన్‌బెయిలబుల్, అంటే బెయిలు హక్కుగా రాదు. అరెస్టుకు ఎదురుతిరిగితే ఆ మనిషి మీద బీఎన్‌ఎస్ 262, అడ్డుపడ్డ స్నేహితుడి మీద 263. వాటికీ రెండేళ్ల దాకా ఉంది. బార్ ముందు గొడవల్లో నలుగురు లోపలికి వెళ్లే కేసులు చాలావరకు ఇలాగే తయారవుతాయి. మొదట పట్టుకున్నది ఒక్కణ్నే, మిగతా ముగ్గురూ విడిపించబోయి దొరికినవాళ్లు.

"అసలు అరెస్టే తప్పు కదా, అడ్డుకుంటే తప్పేంటి?" అని చాలామంది అనుకుంటారు. బీఎన్‌ఎస్ 37 దీనికి జవాబు ముందే రాసిపెట్టింది. ప్రభుత్వోద్యోగి తన హోదాలో సదుద్దేశంతో చేస్తున్న పని చట్టం ప్రకారం పూర్తిగా సరికాకపోయినా, చావో తీవ్ర గాయమో తప్పదన్న భయం సహేతుకంగా ఉంటే తప్ప, ఆత్మరక్షణ హక్కు వర్తించదు. ఎదురుతిరగడానికి చట్టం చోటివ్వలేదు. అడగడానికి మాత్రం బాగా ఇచ్చింది.

అరెస్టు అధికారం ఎక్కడి నుంచి వస్తోంది

అడిగే ముందు ఏ నేరానికి పోలీసులకు ఎంత అధికారం ఉందో కాస్త తెలిసుండాలి. లేకపోతే వాళ్లు చెప్పిన జవాబు సరైనదో కాదో అర్థం కాదు.

"తాగి ఉన్నాడు, అల్లరి చేస్తున్నాడు" అన్నదే కారణమైతే అది బీఎన్‌ఎస్ 355. శిక్ష 24 గంటల దాకా సాధారణ జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. ఇది నాన్‌కాగ్నిజబుల్, అంటే ఈ ఒక్క సెక్షన్ మీద వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారం మామూలుగా లేదు. అయితే పోలీసులకు పక్కదారులున్నాయి, అవీ చట్టబద్ధమైనవే. తమ కళ్లముందు ఇలాంటి చిన్న నేరం చేసినవాడు పేరు, చిరునామా చెప్పనంటే సెక్షన్ 39 కింద, అవి తేలేదాకా, పట్టుకోవచ్చు. "ఇక్కణ్నుంచి కదలండి" లాంటి చట్టబద్ధమైన ఆదేశం పాటించకపోతే సెక్షన్ 172 కింద అక్కణ్నుంచి తీసుకెళ్లొచ్చు. చిన్న విషయమైతే వీలైనంత త్వరగా, 24 గంటల్లోపు వదిలేయాలి. పెద్ద గొడవకు దిగబోతున్నాడని, మరో విధంగా ఆపలేమని తోస్తే సెక్షన్ 170. దానికీ 24 గంటలే గడువు. హైదరాబాద్‌లో అయితే 1348 ఫస్లీ (నిజాం కాలపు సంవత్సర లెక్క) నాటి సిటీ పోలీస్ చట్టం కింద పెట్టీ కేసు రాసి పంపడం కూడా మామూలే.

దీన్నుంచి తీసుకోవాల్సిన జాగ్రత్త ఒకటే. పేరు, చిరునామా అడిగితే చెప్పేయాలి. "ఎందుకు చెప్పాలి?" అని బిగుసుకుంటే లేని కారణాన్ని మనమే చేతికిచ్చినట్టు.

కొట్లాట, బూతులు, మామూలు గాయం చేయడం లాంటి ఆరోపణలకు గరిష్ఠ శిక్ష ఏడేళ్లలోపే. కాగ్నిజబుల్ నేరమైనా ఏడేళ్లలోపు శిక్ష ఉన్నవాటికి అరెస్టు తప్పనిసరి కాదు. ఎందుకు అవసరమైందో పోలీసు అధికారి రాతలో పెట్టాలి. అవసరం లేదనుకుంటే 35(3) నోటీసు ఇచ్చి పంపాలి. 2014లో అర్నేష్ కుమార్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. మూడేళ్లలోపు శిక్ష ఉన్న ఆరోపణ మీద, మనిషి జబ్బుతో బలహీనంగా ఉన్నా, అరవై ఏళ్లు దాటినా, డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ముందస్తు అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదని 35(7) చెబుతోంది. నాన్నగారో బాబాయో గొడవలో చిక్కుకున్నప్పుడు ఈ ఒక్క మాట చాలా పనిచేస్తుంది. ఆయన ఆధార్ ఫొటో ఫోనులో ఉంటే వయసు గురించి వాదనే ఉండదు.

ఇంకో అపోహ తీసేసుకోండి. "కానిస్టేబుల్‌కి అరెస్టు చేసే పవర్ లేదు, ఎస్సై రావాలి" అంటుంటారు. అది తప్పు. సెక్షన్ 35 ప్రకారం ఏ పోలీసు అధికారైనా అరెస్టు చేయొచ్చు. ఈ వాదనతో మొదలుపెడితే మీరు తర్వాత చెప్పే సరైన మాట కూడా ఎవరూ వినరు.

రోడ్డు మీద అడగాల్సినవి

మాట్లాడేది ఒక్కరే. గుంపులో తాగనివారు, లేదా అందరికంటే తక్కువ తాగినవారు ముందుకు రావాలి. మిగతావాళ్లు నాలుగైదు అడుగులు వెనక్కి జరగాలి. రాత్రి డ్యూటీలో ఇద్దరు ముగ్గురు పోలీసులు యాభైమంది గుంపును చూసుకుంటున్నప్పుడు వాళ్ల తొందరంతా రోడ్డు ఖాళీ చేయించడం మీదే ఉంటుంది. నలుగురు ఒకేసారి అరిస్తే జవాబు రాదు, లాఠీ వస్తుంది. గుంపు పలచబడ్డాక అదే కానిస్టేబుల్ మామూలుగా మాట్లాడతారు. అవతల మహిళా అధికారి ఉంటే "మేడమ్", లేకపోతే "సార్". గొంతు పెంచకుండా, ఈ వరసలో అడగండి.

"సార్, ఇతన్ని అరెస్టు చేస్తున్నారా, ఊరికే స్టేషన్‌కు రమ్మంటున్నారా?" ఇది మొదటి ప్రశ్న ఎందుకంటే, "అరెస్టు కాదు, మాట్లాడి పంపిస్తాం" అంటే రావడం రాకపోవడం ఆయన ఇష్టమన్నమాట. "రాకపోతే కుదరదు" అంటే అది నిర్బంధమే, పేరేదైనా 24 గంటల గడియారం మొదలైనట్టే. మన దగ్గర ఎక్కువ చిక్కు వచ్చేది ఇక్కడే. అరెస్టు చూపించకుండా రాత్రంతా స్టేషన్‌లో కూర్చోబెట్టి, మర్నాడు మధ్యాహ్నం అరెస్టు చేసినట్టు రాసే పద్ధతి కొత్తదేం కాదు. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబు, అడిగిన టైము ఆ పద్ధతికి అడ్డుకట్ట.

"ఏ కేసు విషయంలో సార్? కంప్లయింట్ ఎవరైనా ఇచ్చారా?" సెక్షన్ 47 ప్రకారం నేరం వివరాలు, అరెస్టుకు కారణాలు వెంటనే చెప్పాలి. రాజ్యాంగం 22(1) అధికరణం చెబుతున్నదీ అదే. రోడ్డు మీద సెక్షన్ నంబరు చెప్పకపోయినా "బాటిల్‌తో కొట్టాడని బార్ మేనేజర్ చెప్పాడు" అన్నా సరే, ఆ మాట యథాతథంగా రాసుకోండి. తర్వాత ఎఫ్‌ఐఆర్‌లో వేరే కథ వస్తే ఈ మాటకు విలువ ఉంటుంది.

"ఏ స్టేషన్‌కు తీసుకెళ్తున్నారు?" నగరంలో బార్ ఒక స్టేషన్ పరిధి, ఎదుటి ఫుట్‌పాత్ ఇంకో స్టేషన్ పరిధి అవుతుంటుంది. ఇది అడక్కపోతే అర్ధరాత్రి మూడు స్టేషన్లు తిరగాల్సి వస్తుంది.

"మీ పేరు చెప్తారా సార్? నేమ్‌ప్లేట్ కనపడట్లేదు." సెక్షన్ 36 ప్రకారం అరెస్టు చేసే అధికారి పేరు స్పష్టంగా కనపడేలా ఉండాలి. చెప్పకపోతే పట్టుబట్టకండి. బండి నంబరు, భుజం మీది నక్షత్రాలు చూసి రాసుకోండి. ఏఎస్సైకి ఒకటి, ఎస్సైకి రెండు, ఇన్‌స్పెక్టర్‌కు మూడు. మఫ్టీలో వచ్చి టాస్క్‌ఫోర్స్ అనో, ఎస్ఓటీ (స్పెషల్ ఆపరేషన్స్ టీమ్) అనో చెప్పి ప్రైవేటు కారులో ఎక్కిస్తుంటే ఐడీ కార్డు చూపమని అడగండి. చూపకపోతే అక్కడే నిలబడి 112కు ఫోన్ చేసి "పోలీసులమని చెప్పి ఫలానా నంబరు కారులో తీసుకెళ్తున్నారు, మీవాళ్లేనా?" అని అడగండి. వాళ్లు నిజంగా పోలీసులైతే ఈ ఫోనుకు నొచ్చుకోవాల్సిన పనిలేదు. కాకపోతే ఒక కిడ్నాప్ ఆగుతుంది. రెండు విధాలా టైముతో సహా కాల్ రికార్డు మిగులుతుంది.

"అరెస్టు మెమోకి సాక్షి సంతకం నేను పెడతాను సార్." ఈ మాట చాలామందికి తట్టదు. సెక్షన్ 36 ప్రకారం అరెస్టు మెమో (అరెస్టు వివరాలు రాసే కాగితం) మీద కుటుంబ సభ్యుడో, ఆ ప్రాంతంలో గౌరవం ఉన్న మనిషో సాక్షిగా సంతకం చేయాలి, అరెస్టయిన మనిషీ సంతకం పెట్టాలి. ఎవరూ లేరన్నప్పుడే పోలీసులకు తెలిసిన పంచు (సాక్షి) ఒకాయన పేరు అందులోకి వస్తుంది. మీరు ముందుకొస్తే ఆ అవకాశం పోతుంది. సంతకం పెట్టేముందు అందులో రాసిన తేదీ, టైము, చోటు మాత్రం చూడండి. రాత్రి 11.40కి బార్ ముందు పట్టుకుని మెమోలో ఉదయం 9 గంటలకు బస్టాండ్ దగ్గర అని రాస్తే సంతకం పెట్టకండి. లేదా సంతకం కిందే మీ చేత్తో అసలు టైము రాసి పెట్టండి.

తీసుకెళ్తున్న మనిషికి చెప్పాల్సినవి రెండే: "పేరు, అడ్రస్ చెప్పు. మిగతావి లాయర్ వచ్చాక మాట్లాడు, నేను వెనకే వస్తున్నా." పోలీసుల ముందు ఒప్పుకున్నది నిందితుడి మీద రుజువుగా పనికిరాదని భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 23 చెబుతున్నా, తాగిన నోటితో వాగిన మాటలు కేసును ఎటైనా తిప్పుతాయి. బూతు మాట ఒక్కటి కూడా వద్దు.

వీడియో తీయడం

రోడ్డు మీద పోలీసులు విధులు చేస్తుండగా వీడియో తీయడాన్ని నిషేధించే సెక్షన్ లేదు. అడ్డు తగిలితే మాత్రం బీఎన్‌ఎస్ 221 ఉంది. మూడు నెలల దాకా జైలు, లేదా 2,500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అందుకే దూరం ముఖ్యం. అధికారి ముఖం మీద ఫోను పెట్టి "చెప్పండి, చెప్పండి" అనడం వీడియో తీయడం కాదు, గొడవ పెట్టుకోవడం. నాలుగైదు మీటర్ల అవతల, ఫోను అడ్డంగా, ఛాతీ ఎత్తులో పట్టుకుని కదలకుండా నిలబడండి. మొదట్లో ఒక్కసారి తేదీ, టైము, చోటు నోటితో చెప్పండి. తర్వాత నిశ్శబ్దంగా ఉండండి. మీ వ్యాఖ్యానం పడితే అసలు మాటలు వినపడవు. బార్ బోర్డు, బండి నంబరు, మనవాడి ముఖం, చేతులు, చొక్కా ఒక్కసారైనా స్పష్టంగా పడాలి. స్టేషన్‌కు వెళ్లేముందు ఒంటి మీద దెబ్బల్లేవని చూపించేది ఆ క్షణమే.

"వెనక్కి వెళ్లు" అంటే "వెళ్తున్నాను సార్" అని పైకి అని రెండడుగులు వెనక్కి వేయండి. ఆ మాట కూడా రికార్డవుతుంది. ఫోను తీసుకుంటామంటే లాక్కోనివ్వకుండా పెనుగులాడకండి. "సీజర్ (స్వాధీనం) రసీదు ఇవ్వండి సార్" అని అడగండి. సెక్షన్ 106 కింద స్వాధీనం చేసుకోవచ్చు, కానీ దానికో లెక్క ఉండాలి. పాస్‌వర్డ్ సంగతి లాయర్ వచ్చాక చూసుకోండి. వీడియో డిలీట్ చేయించినా కంగారు పడకండి. ఐఫోన్‌లో ఇటీవల తొలగించినవన్న ఫోల్డర్‌లో 30 రోజుల దాకా ఉంటుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ అలాంటి చెత్తబుట్ట ఉంది.

వీడియో పాడుచేసేది ఎక్కువగా మనవాళ్లే. వాట్సాప్‌లో పంపితే ఫైలు కుదించుకుపోయి, తీసిన టైము వివరాలు పోతాయి. అసలు ఫైలు ఫోనులోనే ఉంచి, డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టండి. కోర్టులో పెట్టాలంటే సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడు) రాయాలి. కత్తిరించి సంగీతం కలిపిన క్లిప్‌కు ఆ సర్టిఫికెట్ ఇవ్వలేరు. సోషల్ మీడియాలో పెట్టడం ఇంకా పెద్ద తప్పు. "కొట్టినవాడు ఇతనే" అని గుర్తుపట్టే పరేడ్ జరగాల్సి ఉంటే, ముఖం ఊరంతా తిరిగాక మీ లాయర్ చేతిలోని మంచి వాదన ఒకటి చిక్కుల్లో పడుతుంది.

బౌన్సర్లు పట్టుకుంటే

చాలా గొడవల్లో మొదట చెయ్యి వేసేది పోలీసులు కాదు, బార్ బౌన్సర్లు. పోలీసుకాని మనిషి ఇంకొకరిని పట్టి ఉంచగలిగేది, సెక్షన్ 40 ప్రకారం, తన ముందు నాన్‌బెయిలబుల్, కాగ్నిజబుల్ నేరం జరిగినప్పుడు, లేదా ఆ మనిషి కోర్టు ప్రకటించిన పరారీ నేరస్తుడైనప్పుడు. అలా పట్టుకున్నా ఆలస్యం చేయకుండా, ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. బిల్లు గొడవకో, గ్లాసు పగిలినందుకో వెనక గదిలో కూర్చోబెట్టడం అక్రమ నిర్బంధం, బీఎన్‌ఎస్ 127. పోలీసులు రాగానే ఇది మీరే ముందు చెప్పాలి: "సార్, పదకొండు గంటల నుంచి లోపల గదిలో పెట్టారు, చెంప మీద కొట్టారు." ముందు చెప్పినవారి కథే కంప్లయింట్‌గా మారే అవకాశం ఎక్కువ. మీ కంప్లయింట్ కూడా అదే రాత్రి రాసిచ్చి, ఇచ్చినట్టు స్టాంపు వేయించుకోండి.

డ్రంక్ అండ్ డ్రైవ్ దగ్గర

పార్కింగ్ నుంచి బండి తీస్తుండగా పట్టుకుంటే లెక్క వేరు. మోటారు వాహనాల చట్టం 185 కింద రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ. అరెస్టు చేస్తే అదే చట్టం సెక్షన్ 202 ప్రకారం రెండు గంటల్లోపు వైద్య పరీక్ష చేయించాలి, లేకపోతే వదిలేయాలి. ఇక్కడ అడగాల్సింది బ్రీత్ అనలైజర్ ప్రింటు కాపీ, అందులోని టైము, మెషిన్ నంబరు, కొత్త పైపు తొడిగారా లేదా అన్నది. నోట్లో అప్పుడే తాగిన మద్యం తడి ఉంటే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి కాసేపాగి మళ్లీ ఊదిస్తారా అని మర్యాదగా అడగొచ్చు. బండి కదలకుండా ఆపి, డ్రైవర్ సీట్లో కూర్చుని ఉంటే ఆ సంగతి వీడియోలో పడేలా చూడండి.

ఆడవాళ్లను తీసుకెళ్తుంటే

సెక్షన్ 43 ఇక్కడ చాలా స్పష్టంగా ఉంది. పరిస్థితి తప్పనిసరి చేస్తే తప్ప మగ పోలీసు ఆడమనిషిని అరెస్టు కోసం ముట్టుకోకూడదు. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా అరెస్టు చేయకూడదు. అసాధారణ పరిస్థితి అయితే మహిళా పోలీసు అధికారి రాతపూర్వక నివేదికతో మొదటి తరగతి మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి తీసుకోవాలి. బార్ బయట గొడవలు దాదాపు అన్నీ రాత్రివేళే కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "మహిళా అధికారి ఎక్కడున్నారు సార్, మేజిస్ట్రేటు అనుమతి తీసుకున్నారా?" ఒంటి తనిఖీ మహిళే, మర్యాద చెడకుండా చేయాలి. ఆమెతో పాటు ఇంకో ఆడమనిషి స్టేషన్‌కు వెళ్లడం మంచిది.

స్టేషన్ దగ్గర

అసలు పని ఇక్కడుంది, ఓపిక కావాల్సిందీ ఇక్కడే. లోపలికి ముగ్గురికంటే ఎక్కువ వెళ్లకండి. రైటర్ (స్టేషన్‌లో రాతపని చూసే పోలీసు) దగ్గరో, డ్యూటీ అధికారి దగ్గరో "మావాడు ఫలానా, 11.40కి తీసుకొచ్చారు, జనరల్ డైరీలో రాశారా సార్?" అని అడగండి. సెక్షన్ 37 ప్రకారం ప్రతి స్టేషన్‌లో ఏఎస్సై స్థాయికి తగ్గని ఒక అధికారి అరెస్టుల వివరాలు చూసుకోవాలి, ఆ వివరాలు ప్రదర్శించాలి. "ఆ అధికారి ఎవరు?" అని అడగడం మీకు చట్టం తెలుసని చెప్పకనే చెబుతుంది.

నేరం బెయిలబుల్ అయితే స్టేషన్ బెయిల్ దయ కాదు, హక్కు. 47(2) ప్రకారం ఆ సంగతి పోలీసులే చెప్పాలి. సెక్షన్ 478 ప్రకారం పూచీకత్తు మీద వదలాలి. పూచీకత్తుకు తాహతు లేనివారిని సొంత బాండు మీద వదలాలి. ఆధార్, చిరునామా రుజువుతో ఇద్దరు జామీనుదారులు సిద్ధంగా ఉంటే చాలా కేసులు తెల్లారేలోపు ముగుస్తాయి. 35(3) నోటీసు ఇస్తే కాగితం మీద తీసుకోండి. వాట్సాప్‌లో పంపితే సరిపోదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. నోటీసులో చెప్పిన తేదీకి తప్పకుండా వెళ్లాలి, వెళ్లకపోవడమే అరెస్టుకు కారణమవుతుంది.

అరెస్టు చూపిస్తే కారణాల కాగితం అడగండి. 2025 నవంబర్ 6న మిహిర్ రాజేష్ షా కేసులో సుప్రీంకోర్టు, ఏ నేరమైనా సరే అరెస్టు కారణాలను ఆ మనిషికి అర్థమయ్యే భాషలో రాసివ్వాలని చెప్పింది. అక్కడికక్కడ రాసివ్వడం కుదరకపోతే నోటితో చెప్పి, రిమాండ్ కోసం మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లడానికి కనీసం రెండు గంటల ముందైనా కాగితం ఇవ్వాలి. ఇవ్వకపోతే అరెస్టూ చెల్లదు, రిమాండూ చెల్లదు. మన జిల్లాల్లో దీనర్థం తెలుగులో, లేదా మనిషికి ఉర్దూనో హిందీయో వస్తే అందులో ఇవ్వాలని. ఆ కాగితంలో ఏం ఉండాలో కూడా చూడండి. "సాక్ష్యాలు చెరపకుండా, పారిపోకుండా" లాంటి అందరికీ సరిపోయే అచ్చు వాక్యాలు అరెస్టు అవసరానికి సంబంధించినవి. కారణాలంటే ఈ మనిషి ఎక్కడ, ఎప్పుడు, ఎవరిని, ఏం చేశాడన్న ఆరోపణ. ఈ తేడాను ప్రబీర్ పుర్కాయస్థ తీర్పు 2024 మే 15న విడమరిచి చెప్పింది. తాగిన మత్తులో ఉన్నవాడికి కాగితం చదివి వినిపించి సంతకం తీసుకుంటే, "తెలివిలో లేనప్పుడు తీసుకున్నారు" అన్న అభ్యంతరం లాయర్ ద్వారా రికార్డులోకి రావాలి.

ఖాళీ కాగితం మీద సంతకం ఎవరూ పెట్టొద్దు. సాక్షిగా మీ వాంగ్మూలం రాసుకుంటే దాని మీద కూడా సంతకం అక్కర్లేదు, సెక్షన్ 181 అదే చెబుతోంది. ఒంటి మీది వస్తువులు తీసుకుంటే సెక్షన్ 49 కింద రసీదు ఇవ్వాలి. ఉంగరం, గొలుసు, పర్సులో డబ్బు ఎంతుందో అందులో పడాలి. విచారణ సమయంలో లాయర్‌ను కలిసే హక్కు సెక్షన్ 38 ఇస్తోంది, మొత్తం సేపు పక్కన కూర్చోబెట్టుకునే హక్కు కాదు. లాయర్ లేకపోతే 15100కు ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్నవారికి ఉచిత న్యాయసహాయం అందాలని న్యాయసేవాధికార సంస్థల చట్టం చెబుతోంది.

వైద్య పరీక్షను తేలిగ్గా తీసుకోకండి. అరెస్టయిన వెంటనే ప్రభుత్వ డాక్టరు పరీక్షించి, గాయాలుంటే అవి ఎప్పటివో కూడా రాసి, కాపీ ఇవ్వాలని సెక్షన్ 53 చెబుతోంది. డాక్టరు ముందు మనవాడు నోరు విప్పి చెప్పాలి: ఎక్కడ నొప్పి, ఎవరు కొట్టారు, ఎప్పుడు. పోలీసు పక్కనుంటే "డాక్టర్‌గారూ, కాస్త విడిగా మాట్లాడాలి" అని అడగొచ్చు. ఇక్కడ చెప్పనిది తర్వాత నమ్మించడం చాలా కష్టం. బౌన్సర్లు కొట్టిన దెబ్బ, స్టేషన్‌లో పడ్డ దెబ్బ విడివిడిగా చెప్పడం మరీ ముఖ్యం. కలిపేస్తే రెండూ వీగిపోతాయి.

24 గంటలు

ప్రయాణ సమయం తీసేసి 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, సెక్షన్ 58. లెక్క మొదలయ్యేది మనిషి స్వేచ్ఛ పోయిన క్షణం నుంచి. శనివారం రాత్రి పట్టుకుంటే ఆదివారం డ్యూటీ మేజిస్ట్రేటు ఇంటి దగ్గర హాజరుపరుస్తారు, లాయర్ అక్కడికే వెళ్లాలి. ఆ చిరునామా, టైము ముందే కనుక్కోండి. వకాలత్ ఫారం (లాయర్‌కు వాదించే అధికారమిచ్చే కాగితం) మీద మనవాడి సంతకం స్టేషన్‌లోనే తీసుకుని ఉంచండి. మేజిస్ట్రేటు "పోలీసులు కొట్టారా?" అని అడిగితే తల ఊపి ఊరుకోకూడదు. ఎన్ని గంటలకు పట్టుకున్నారో, కారణాల కాగితం ఎప్పుడిచ్చారో ఆయనకే చెప్పాలి.

ఎక్కడున్నాడో చెప్పకపోయినా, 24 గంటలు దాటినా రెండు దారులు. సెక్షన్ 100 కింద మొదటి తరగతి మేజిస్ట్రేటును అడిగితే అక్రమంగా బంధించిన మనిషి కోసం సెర్చ్ వారంటు ఇవ్వగలరు. చిన్న పట్టణాల్లో ఇది దగ్గర దారి. లేదా హైకోర్టులో హెబియస్ కార్పస్ (బంధించిన మనిషిని కోర్టు ముందుంచమనే పిటిషన్), తెలంగాణవాళ్లకు హైదరాబాద్, ఆంధ్రవాళ్లకు అమరావతి. ఈలోగా కమిషనర్‌కో ఎస్పీకో పంపిన ఈమెయిల్, 112 కాల్ వివరాలు, బార్ బిల్లు మీది టైము, యూపీఐ చెల్లింపు మెసేజ్, పార్కింగ్ చీటీ, క్యాబ్ బుకింగ్ అన్నీ ఒకచోట పెట్టుకోండి. అరెస్టు ఉదయం 9కి జరిగిందన్న రాతను కూల్చేవి ఇవే.

ఆ తర్వాతి వారం

సీసీటీవీ కోసం ఆలస్యం చేయొద్దు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం ప్రకారం జనం ఎక్కువగా వచ్చే సంస్థలు కెమెరా రికార్డింగ్‌ను 30 రోజులు దాచాలి. కాబట్టి బార్ యాజమాన్యానికి, స్టేషన్ ఎస్‌హెచ్‌ఓకు (స్టేషన్ ఇన్‌చార్జి అధికారికి) మొదటి వారంలోనే రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపాలి: "ఫలానా తేదీ రాత్రి 10.30 నుంచి 12.30 దాకా ప్రవేశ ద్వారం, పార్కింగ్ కెమెరాల రికార్డింగ్ భద్రపరచండి." స్టేషన్ లోపలి కెమెరాల సంగతి వేరే. 2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ తీర్పులో లాకప్‌లు, వరండాలు, రిసెప్షన్, అధికారుల గదులు కవరయ్యేలా కెమెరాలు పెట్టి రికార్డింగ్ 18 నెలలు దాచాలని సుప్రీంకోర్టు చెప్పింది. లేఖలో ఏ గది, ఏ గంట నుంచి ఏ గంట దాకా అన్నది రాయకపోతే "కెమెరా పనిచేయలేదు" అన్న ఒక్క ముక్క జవాబు వస్తుంది. గది గదికీ విడిగా అడిగితే ఆ జవాబు చెప్పడం కష్టం. అదే సంగతులు సమాచార హక్కు చట్టం కింద కూడా అడగండి. మామూలు గడువు 30 రోజులు, మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటలు.

పోలీసుల మీద ఫిర్యాదు రాసేటప్పుడు విశేషణాలు పెట్టకండి. టైము, చోటు, పేరు లేదా బండి నంబరు, అన్న మాట, చేసిన పని. అంతే. మొదట స్టేషన్‌కు, తీసుకోకపోతే సెక్షన్ 173(4) కింద ఎస్పీకో డీసీపీకో, అక్కడా కదలకపోతే ప్రమాణపత్రంతో మేజిస్ట్రేటుకు 175(3) కింద. విధుల్లో చేసిన పని మీద ఫిర్యాదైతే 175(4) ప్రకారం మేజిస్ట్రేటు ముందు పై అధికారి నివేదిక, ఆ ఉద్యోగి వివరణ చూస్తారు. అందుకే మొదటి రాత్రి రాసుకున్న కాగితానికి అంత బరువు. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, కానీ ఘటన జరిగి ఏడాది దాటితే తీసుకోరు.